పొట్ట వేసిన గోడ

ఆదివారం ఇక్కడ పనిరోజే. ఉదయం ఆఫీసుకు వచ్చి ఇంకా కంప్యూటరు తెరవలేదు, ఫోనులో మేస్త్రిగారి నంబరు నుంచి మెసేజీ వచ్చింది. కాగితం సంగతే అయివుంటుందని చదవకుండా ఫోను బోర్లా పెట్టాను. రెండేళ్ళుగా అదే నా పని. నెలకోసారి ఆయన అడిగేవాడు, ఈ వారం తప్పకుండా పంపిస్తానని నేను చెప్పేదాన్ని, ఆయన “ఆయ్” అనేవాడు. మళ్ళీ నెల దాకా ఆ ఊసు ఉండేది కాదు.

టీ తాగాక తీసి చూశాను. రాసింది ఆయన కాదు, ఆయన కూతురు.

“నమస్తే అండి. మా నాన్నగారు గురువారం పొద్దున్న పోయారండి. గుండె ఆగిపోయిందన్నారు. ఫోన్లో మీ నంబరు ‘డ్రాయింగు అమ్మాయిగారు’ అని ఉంది. కువైట్ నించి ఏదో గోడ బొమ్మ వస్తాదని, ఫ్రేము కట్టించి పెట్టాలని, ముందుగదిలో మేకు కొట్టి ఉంచారండి. రెండేళ్ళయ్యింది. ఆ బొమ్మేంటో మాకు తెల్దు. పెద్దకార్యానికి గోడలకి రంగేయిస్తన్నాం. బొమ్మ వచ్చేదుంటే సెప్పండి, లేపోతే మేకు పీకించేత్తాం.”

చదివిన వెంటనే నాకు ఏడుపు రాలేదు. ఇంక అడిగేవాళ్ళు లేరన్న తేలిక ఒక్క క్షణం కలిగింది. ఆ తేలికను చూసి నామీద నాకే అసహ్యం వేసింది. ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం కూడా అదే.

నాది రాజంపేట దగ్గర పల్లె. కువైట్ నగరంలోని మిర్కాబ్‌లో పాత ఇళ్ళు బాగుచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో పనిచేస్తాను. ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డులో, నా ఉద్యోగం డ్రాఫ్ట్స్‌మన్ అని ఉంటుంది, మన్ కాకపోయినా. పాత ఇంటి మీద ఎవరైనా చెయ్యి వేసేముందు దాన్ని ఉన్నదున్నట్టు కొలిచి గీసిపెట్టడం నా పని. గది గదికీ ఒక షీటు, గోడ గోడకీ ఒక షీటు. ఇంటి చరిత్రకు ఇంకో షీటు: ఎవరు కట్టారు, ఎవరు ఉన్నారు, ఎప్పుడు వెళ్ళిపోయారు. కొలిచేటప్పుడు టేపు అవతలి కొస పట్టుకోవడానికి కంపెనీ నాకు ఇచ్చిన మనిషి మేస్త్రిగారు.

ఆయన కోనసీమ మనిషి. సన్నగా, నల్లగా, తలకు తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. చొక్కా జేబులో చేతిరుమాలులో చుట్టిన ఇత్తడి గుండు, దానికి దారం. గోడ తూకం చూడాలంటే దారం పైన పట్టుకుని గుండు వదిలేవాడు. గుండు ఊగడం ఆగేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. మేము మాట్లాడితే గుండు ఊగుతుందన్నట్టు కళ్ళు పెద్దవి చేసి చూసేవాడు. ఆగాక గోడకీ దారానికీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచేవాడు. టేపు ఆ తర్వాతే.

మొదటి రోజే ఆయన ఒక వింత పని చేశాడు. గోడ మీద వేలు రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

“ఏంది మేస్త్రిగారూ, గోడను నాకుతాండారు?” అన్నాను.

“ఉప్పు సూత్తన్నానండి, అమ్మాయిగారూ. ఇయన్నీ సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళు కదండీ. మట్టి పెట్టి కట్టేశారు. ఉప్పు బయటికొత్తంటే గోడ బతికున్నట్టండి. మీరూ సూడండి.”

“నాకొద్దులే.”

“ఆయ్,” అన్నాడు.

ఆ ఆయ్‌తో నేను మొదటి నెలంతా అవస్థ పడ్డాను. సరే అన్నా ఆయ్, కుదరదన్నా ఆయ్, మీ తెలివి ఏడిసినట్టే ఉందన్నా ఆయ్. మనిషి మొహం చూస్తే తప్ప ఏదో తెలిసేది కాదు. తర్వాత్తర్వాత నాకే అలవాటై ఇంట్లో మా ఆయనతో అనడం మొదలుపెట్టాను. కడప మనిషి నోట ఆ మాటేమిటని ఆయన నవ్వేవాడు.

పైకప్పుల దగ్గర మేస్త్రిగారి హడావుడి చూడాలి. ఈ ఊరి పాత ఇళ్ళ కప్పులన్నీ గుండ్రటి దుంగల మీద నిలబడి ఉంటాయి. ఒకప్పుడు పడవల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన దుంగలవి. వాటిని నేను షీటులో అరబ్బీ పేరుతో రాసుకుంటుంటే ఆయన ఒక ముక్క వాసన చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. “మడ కర్రండీ ఇది! మా కోరంగి కాడ అడివంతా ఇదే!” అన్నాడు. ఇళ్ళన్నీ ఇంత ఇరుకుగా ఎందుకున్నాయని అడిగితే, మడ చెట్టు అంతకంటే పొడుగు తిన్నగా పెరగదు కాబట్టి గదీ అంతకంటే వెడల్పు కాదన్నాడు. కాలేజీలో నాకు ఎవరూ చెప్పని సంగతి అది.

మనుషులను లెక్కపెట్టే అలవాటు ఒకటి ఉండేది. పాత గదిలోకి పనివాళ్ళు వెళ్తుంటే గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కడి భుజం మీద చెయ్యి వేసేవాడు. బయటికి వచ్చేటప్పుడూ అంతే. కుర్రాళ్ళు విసుక్కునేవాళ్ళు. “మేమేం గొర్రెలమా?” అనేవాళ్ళు. ఆయన ఆయ్ అనేవాడు, చెయ్యి మాత్రం వేసేవాడు.

ఇక అసలు ఇంటి సంగతి. మిర్కాబ్‌లో అద్దాల మేడల మధ్య, పార్కింగు స్థలం అంచున ఉందది. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. పడవల వ్యాపారం చేసిన కుటుంబం కట్టుకుంది. ఊరి బయట కొత్త పేటలు లేచాక వాళ్ళు అక్కడికి వెళ్ళిపోయారు. నాకు ఇచ్చిన సమాచారంలో ఆ తర్వాతి కాలానికి ‘ఖాళీ’ అని ఉంది. నేనూ చరిత్ర షీటులో ఖాళీ అనే రాసుకున్నాను.

“ఖాళీ ఏంటండీ?” అన్నాడు మేస్త్రిగారు, షీటులోకి తొంగిచూసి. “ఈ గదిలో పన్నెండు మందిమి ఉండేవోళ్ళం. నేను దేశంలో దిగిన కొత్తలో మా కఫీల్, వీసా ఇచ్చిన సేటు, ఇక్కడే పడేశాడు. అదిగో, ఆ మూల నా సాప.”

వాకిలికి తూర్పున ఉన్న గది అది. కప్పు దుంగలకు ఒకవైపు మసి పట్టి ఉంది. అక్కడ స్టవ్వు పెట్టి పులుసు కాచుకునేవాళ్ళమని చూపించాడు. గూటిలో మేకు చూపించి, ఒకాయన అక్కడ శిలువ తగిలించుకున్నాడని, పక్క గూటిలో ఇంకొకాయన వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకున్నాడని, ఇద్దరూ ఒకే అగరుబత్తితో సరిపెట్టేవాళ్ళని చెప్పి నవ్వాడు. నేను విన్నాను. షీటులో మాత్రం మార్చలేదు. అద్దెకున్న కూలీల సంగతి చరిత్ర షీటులో రాయాలని నాకు తోచనే లేదు.

ఆ గదిలో వెనక గోడను మాత్రం ఆయన నాలుకతో చూడలేదు. అన్ని గోడలకూ లోపల పాత సున్నం ఉంటే దానికి నున్నటి సిమెంటు పూత ఉంది. అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గుండు వదిలాడు. ఆగాక వేళ్ళు పెట్టి చూసి, మళ్ళీ వదిలి, మళ్ళీ చూశాడు.

“రాసుకోండి, అమ్మాయిగారూ. పైన నాలుగు వేళ్ళు. మజ్జిలో ఒక్కేలు. కింద నాలుగు వేళ్ళు.”

అంటే గోడ మధ్యలో మూడు వేళ్ళ మందం పొట్ట వేసింది. నోటుబుక్కులో రాసుకున్నాను.

“రాశారా?” అన్నాడు.

“రాసినా.”

“బొమ్మలో పడద్ది కదండీ?”

“ఎందుకు పడదు? పడుతుంది.”

“అందరూ సూత్తారు కదండీ ఆ బొమ్మ? ఇంజినీరు గారూ?”

ఇన్నిసార్లు అడగడం ఆయన అలవాటు కాదు. విసుగొచ్చి, చూస్తారు చూస్తారు అన్నాను.

ఆఫీసుకు వచ్చి గీసేటప్పుడు ఆ మూడు వేళ్ళు నా గీతకు అడ్డం వచ్చాయి. పాత ఇళ్ళలో ఏ గోడా తిన్నగా ఉండదు. ఉన్న వంకరంతా గీస్తే చూసేవాళ్ళు గోడ వంకర అనుకోరు, గీసినదానికి పని రాదనుకుంటారు. అందుకని చిన్న చిన్న తేడాలను సర్దేసి, సగటు తీసి, తిన్నగా గీయడం మాకందరికీ అలవాటు. సిమెంటు పూత ఎగుడుదిగుడుగా వేసి ఉంటారనుకున్నాను. పైనుంచి కిందికి ఒక్క తిన్నని గీత లాగి సంతకం పెట్టాను. పట్టుమని నిమిషం పట్టలేదు.

నవంబరులో రెండు రోజులు వాన పడింది. అప్పటికి తూర్పు గది కప్పు మీద మట్టి తీసేశారు. వాన వెలిసిన మర్నాడు దుంగలు దించాలని నిర్ణయించారు. ఆ తర్వాతి రోజు ఇల్లు చూడడానికి పెద్ద అధికారులు వస్తున్నారు. మా ఇంజినీరు తెల్లవారకముందే సైటుకు వచ్చి కూర్చున్నాడు. మంచివాడే గానీ, ఆ రోజు ఆయన చేతిలో ఫోను ఒక్క నిమిషం ఆగలేదు. షీట్లు పట్టుకుని నేనూ వెళ్ళాను.

ఆరుగురు లోపలికి వెళ్ళారు. మేస్త్రిగారు ఆరు భుజాల మీద చెయ్యి వేశాడు. మూడో దుంగ దించారు. నాలుగో దుంగను పైకి లేపుతుండగా ఆయన పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళి వెనక గోడకు చెవి ఆనించాడు.

“ఒరేయ్, దుంగ ఒగ్గేయండ్రా! బయటికి రండి! యల్లా, యల్లా!”

ఆ గొంతు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. కుర్రాళ్ళు బయటికి ఉరికారు. ఆయన గుమ్మంలో ఆరుగురినీ లెక్కపెట్టి, తను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

ఇంజినీరు వచ్చాడు. ఏమిటి ఆపారని హిందీలో అడిగాడు. గోడ పొట్ట వేసిందని, పడబోతోందని మేస్త్రిగారు చెప్పాడు. దుంగలు గోడ మీద ఆనుకుని లేవని, గోడే దుంగలను పట్టుకుని వేలాడుతోందని, ఇంకో రెండు తీస్తే లోపల ఉన్నవాళ్ళ మీదికి వస్తుందని చేతులతో చూపించాడు. ఇంజినీరు గోడ వంక చూశాడు. నున్నగా, ఒక్క పగులు కూడా లేకుండా ఉంది. నా చేతిలోని షీటు తీసుకుని చూశాడు. తిన్నని గీత.

“ఇందులో పొట్ట ఏది?” అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. “నువ్వే కదా కొలిచింది? గోడ తిన్నగా ఉందా, లేదా?”

అప్పుడు నా ఇఖామా పాత కంపెనీ నుంచి ఈ కంపెనీకి మారుతోంది. స్టాంపు ఇంకా పడలేదు. పడకపోతే మా ఆయన్ను ఇక్కడ వదిలి నేనూ, నాతోపాటు మా పాపా ఊరికి పోవాల్సిందే. ఇదంతా సాకు అని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు వేరే ఏమీ కనబడలేదు. ఆరుగురు కుర్రాళ్ళు దుమ్ము కొట్టుకుపోయి నిలబడి నా నోటి వంక చూస్తున్నారు. మేస్త్రిగారూ చూస్తున్నాడు. నోటుబుక్కు నా సంచీలోనే ఉంది.

“డ్రాయింగులో ఉన్నట్టే ఉంది సార్,” అన్నాను.

ఇంజినీరు కుర్రాళ్ళ వైపు తిరిగి లోపలికి వెళ్ళమని చెయ్యి ఊపాడు. ముందున్న కుర్రాడు ఒక అడుగు వేశాడు.

“ఆగరా,” అన్నాడు మేస్త్రిగారు. తర్వాత ఇంజినీరుతో హిందీలో, మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పాడు. “కొలత నేనే తప్పు చెప్పాను సాబ్. ఆ అమ్మాయి తప్పు లేదు. నేను చెప్పిందే రాసింది. ఇంకో తప్పు కూడా నాదే. ఈ సిమెంటు నా చేత్తో నేనే వేశాను, ముప్పై ఏళ్ళ కిందట. గోడ పిండి రాలి మా అన్నంలో పడుతోందని వేశాను. ఉప్పు బయటికి రాకుండా మూసేశాను. ఇన్నాళ్ళూ లోపలే తినేసింది.”

“అయితే ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?”

ఆయన చెయ్యి చొక్కా జేబులోని గుండు మీదికి వెళ్ళింది. అరవై దాటిన వాళ్ళకు ఇఖామా మళ్ళీ ఇవ్వడమే కష్టంగా ఉన్న రోజులు. వచ్చే నెల ఆయనది ముగుస్తుంది. పాత తప్పు ఒకటి బయటపడితే కంపెనీ ఆయన కోసం మళ్ళీ కాగితాలు పెట్టదు. నోటితో చెప్పే ధైర్యం లేక గుండుతో చెప్పాడు. నాలుగు, ఒకటి, నాలుగు. బొమ్మలో పడితే చాలు, అందరికీ దానంతట అదే తెలుస్తుందని నమ్ముకున్నాడు. బొమ్మలో పడుతుందని మాట ఇచ్చింది నేను. ఆ గుమ్మం ముందు నిలబడి ఉండగా ఇది నాకు అర్థమైంది. అయినా నోరు తెరవలేదు.

ఇంజినీరు ఇంకా నమ్మలేదు. మేస్త్రిగారు ఒక్కడే లోపలికి వెళ్ళాడు. ఉలి, సుత్తి తీసుకుని గోడకు ఒక పక్కన నిలబడి, సిమెంటు పూతలో అరచేయంత ముక్క కొట్టి ఊడదీశాడు. ఆ కంతలోంచి పొడి రాలడం మొదలైంది. సంచీకి చిల్లు పడితే రవ్వ కారినట్టు సన్నగా కారింది. ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. ఆయన పాదాల దగ్గర కుప్ప పడింది, చీలమండల దాకా వచ్చింది, ఇంకా కారుతూనే ఉంది. ఆయన వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ గుమ్మం దాటాడు.

“దూరం. అందరూ దూరం,” అన్నాడు ఇంజినీరు.

అరగంటకు గోడ పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మధ్యలోంచి కుంగి, మిగిలిన దుంగలను లాక్కుని, గది నిండా కూర్చుంది. తెల్లటి దుమ్ము వాకిలంతా కమ్మేసింది. ఆ దుమ్ములో మేస్త్రిగారు తడుముకుంటూ ఒక్కొక్కడి భుజం పట్టుకుని లెక్కపెడుతున్నాడు. ఆరు వచ్చింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. నా దగ్గరికి వచ్చి నా భుజం మీదా చెయ్యి వేసి, “ఏడు,” అన్నాడు.

డ్రాయింగు తప్పైనప్పుడు షీటు కింద ఉన్న చిన్న గడిలో కారణం రాయాలి. మర్నాడు మేనేజరు ఆ గడి నింపి ఇమ్మన్నాడు. ‘సైటులో మేస్త్రి తప్పు కొలత ఇచ్చాడు’ అని రాశాను. నా చేత్తో, నా సంతకంతో. ఆయన అప్పటికే అందరి ముందూ ఒప్పుకున్నాడు కదా, నేను కొత్తగా చేసిందేముందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కంపెనీ ఆయన ఇఖామాకు కాగితాలు పెట్టలేదు. నాకు స్టాంపు పడింది.

చివరి సంతకాలకు ఆయన మిర్కాబ్ ఆఫీసుకు వచ్చిన రోజు నేనే టీ తెచ్చి ఇచ్చాను. మొహం చూడలేక కప్పు చూస్తూ కూర్చున్నాను.

“మీరేం బాధపడకండి, అమ్మాయిగారూ. పాపకి సదువుంది. నాకేవుంది, పిల్లల పెళ్ళిళ్ళయిపోయాయి,” అన్నాడు. “సిమెంటు తప్పు నాదేనండి, అది నేనే మోసుకుంటాను. కానండీ, నా గుండు తప్పు సూడలేదు. అది మీకు తెల్సు, నాకు తెల్సు. ఆ పొట్ట ఉన్నట్టు గీసిన బొమ్మ ఒకటి ఇప్పించండి. ఎవరికీ సూపించను. ఇంట్లో పెట్టుకుంటాను.”

“పంపిస్తా మేస్త్రిగారూ, ఈ వారమే పంపిస్తా.”

“ఆయ్.”

గీయడానికి పది నిమిషాలు చాలు. కానీ పొట్ట ఉన్న బొమ్మ ఒకటి నా చేతిలోంచి బయటికి వెళ్తే, ఆ కొలత నాకు ముందే తెలుసని అదే సాక్ష్యం. అందుకని రెండేళ్ళు వారాలు చెప్పుకుంటూ గడిపాను. ఆయనకు అది అర్థం కాకుండా ఉంటుందా? అయినా నెలకోసారి అడిగాడు. నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

మెసేజీ చూసిన ఆదివారం అలాగే గడిచిపోయింది. సోమవారం ఉదయం సొరుగు అడుగునుంచి పాత నోటుబుక్కు తీశాను. పేజీ ఉంది. 4, 1, 4. పక్కన ఆయన బొటనవేలి దుమ్ము మచ్చ కూడా ఉంది. తూర్పు గది షీటు తెరిచి తిన్నని గీతను చెరిపేశాను. గోడ పొట్టను పైనుంచి కిందికి, వేలు వేలుకూ సరిచూసుకుని గీశాను. చరిత్ర షీటు తెరిచి ‘ఖాళీ’ అన్నచోట ‘పన్నెండు మంది తెలుగు కూలీలు, ఈ గదిలో’ అని రాశాను. కింద గడిలో రెండు వరుసలకే చోటుంది. ‘కొలిచినాయన సరిగ్గానే కొలిచాడు. పొట్టను తీసేసింది నేను’ అని రాసి, పక్కన ఆయన పూర్తి పేరు రాశాను. అన్నేళ్ళూ మేస్త్రిగారనే పిలిచాను. ఆ పేరు ఆ ఉదయమే ఆయన కూతురిని మెసేజీలో అడిగితే తెలిసింది.

ఆ షీటు కాపీ ఒకటి ఆమెకు పంపించాను. “మేకు పీకొద్దమ్మా,” అని రాశాను. నోటుబుక్కు పేజీతో సహా ఇంకోటి ఇంజినీరుకు పంపించాను.

ఆయన గది అద్దాల గది. నా బల్ల దగ్గర్నుంచి అంతా కనిపిస్తుంది. ఫైలు తెరిచాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఫోను మోగుతుంటే ఎత్తలేదు. కాసేపటికి తల ఎత్తి నావైపు చూశాడు, కుర్చీ వెనక్కి తోసి లేచాడు, తలుపు తీసుకుని నడిచి వచ్చాడు. నేనూ లేచి నిలబడ్డాను. ఆయన నోరు తెరవకముందే, రెండేళ్ళ కిందట ఆ గుమ్మం ముందు చెప్పాల్సిన మాట చెప్పాను.

“గోడ తిన్నగా లేదు సార్.”